శవం అక్కర్లేని రహస్యం

జహీరాబాద్‌లో ఒక మేనమామకూ మేనకోడలికీ మధ్య నడిచిన వాదన ఇది. మామ తెలుగు సారుగా పనిచేసి రిటైరైన మనిషి. కావ్యాలు, వ్యాకరణం ఆయన లోకం. కోడలికి కోజీ మిస్టరీలు అని పిలిచే ఇంగ్లీషు నవలలంటే ప్రాణం, అందులోనూ పుస్తకాల చుట్టూ తిరిగే వరుస నవలలంటే మరీనూ. ఆ రకంలో నెత్తురు కళ్ల ముందు చిందదు. పుస్తకాల కొట్టో గ్రంథాలయమో నడుపుకునే ఒక మామూలు స్త్రీ ఊళ్లో జరిగిన నేరం గుట్టు విప్పుతుంది. ఊరు చిన్నది. అవే వీధులు, అవే ముఖాలు నవల తర్వాత నవలలో కనిపిస్తాయి. అలాంటి వరుసను తెలుగులో, జహీరాబాద్ మీద రాయాలని కోడలి పట్టుదల. వద్దంటాడు మామ. ఇద్దరి మాటలూ వాళ్ల యాసలోనే ఇస్తున్నాను.

మామ: నువ్విచ్చిన నవలలు చదివిన బిడ్డా. చదివించే గుణం ఉన్నది, కాదనను. కానీ ఒకటి నాకు మింగుడు పడలే. మనిషి చచ్చిపోతడు. ఇంక నాలుగు పేజీలు తిప్పేసరికి అందరు కూసోని చాయ్ తాగుకుంట, కేకులు తినుకుంట, ఎవరు చంపిన్రో అని ముచ్చట పెడ్తరు. చచ్చినోని ఇల్లు ఎట్లున్నదో, పిల్లలు ఏమైన్రో ఎవ్వరు అడగరు. సావును ఇంత హాయిగ చదువుకునుడు నాకు తప్పనిపిస్తది.

కోడలు: సావు దగ్గర్నే ఆగిపోకు మామా. నన్ను పట్టుకున్నది సావు కాదు, పని. కేట్ కార్లైల్ అనే ఆమె 2009ల మొదలుపెట్టిన వరుస ఉన్నది. అండ్ల నాయిక శాన్‌ఫ్రాన్సిస్కోల పాత పుస్తకాలు బాగు చేస్తది. తోలు అట్ట, కుట్టు, జిగురు, పురుగు తిన్న కాగితం, ఇవన్ని తెలిసిన చేతులు ఆమెవి. జెన్ మెకిన్లీ 2011 నుంచి రాస్తున్న వరుసల లైబ్రరీ నడిపే ఆమెనే ఆరా తీస్తది. తుపాకి లేదు, యూనిఫాం లేదు. తను రోజు చేసే పనిల ఉన్న తెలివితోటే చిక్కు విప్పుతది. ఆడమనిషి పనితనాన్ని ఇంత మనసు పెట్టి చూపించిన అపరాధ నవలలు మనకెన్ని ఉన్నయి చెప్పు?

మామ: ఒక్క నవల అయితే సరే. వరుస అంటున్నవు, పేచీ అక్కడ. అమెరికా టీవీల 'మర్డర్, షీ రోట్' అని 1984 నుంచి 1996 దాక నడిచింది. అండ్ల నాయిక రచయిత్రి. ఆమె ఉండే ఊరు కాబట్ కోవ్, సముద్రం ఒడ్డున చిన్న ఊరు. అండ్ల ఎంతమంది హత్యకు గురైన్రంటే, చిన్న ఊరికి అన్ని హత్యలు అంటగట్టే పద్ధతికి ఆ ఊరి పేరే వాడుతున్నరు. నువ్వు జహీరాబాద్ మీద పది నవలలు రాస్తే పది శవాలు కావాలె. ఝరాసంగం జాతరల ఒకటి, చెరుకు తోటల ఒకటి. నలుగురు కలిసి బతికే ఊరికి ఆ మచ్చ ఎందుకు?

కోడలు: శవమే కావాలని ఎవరన్నరు? నేరం కావాలె, దాచిన సంగతి ఒకటి కావాలె. వరుస ఎందుకంటే, ఊరు ఒక్క పుస్తకంల పట్టదు. లోర్నా బారెట్ 2008ల మొదలుపెట్టిన వరుసల స్టోన్‌హామ్ అని ఊరున్నది. బేరాలు లేక చచ్చిపోతున్న ఊరు పాత పుస్తకాల దుకాణాలతోటి లేచి నిలబడ్తది. ఊరు కల్పనే, కానీ నిజంగ జరిగిన పని. వేల్స్‌ల హే-ఆన్-వై అనే ఊరిని రిచర్డ్ బూత్ 1960ల నుంచి అట్లనే నిలబెట్టిండు. మన పక్కన మహారాష్ట్రల, పంచగని దగ్గర భిలార్ ఉన్నది గద! 2017ల దాన్ని పుస్తకాల ఊరు చేసిన్రు. ఇండ్లల్ల, గుడిల, బడిల పుస్తకాలు పెట్టి ఎవరొచ్చినా చదువుకోమన్నరు. అసొంటి ఊరి ముచ్చట ఒక్క నవలతోటి ఒడుస్తదా?

మామ: వరుసలు మనకు కొత్త కాదులే. 20వ శతాబ్దం మొదట్లనే బెంగాలీ పాంచకడీ దే అపరాధ నవలలు తెలుగులకు వచ్చినయి. వేంకట పార్వతీశ కవుల అసొంటి పెద్ద కవులే తర్జుమా చేసిన్రు. తర్వాత కొమ్మూరి సాంబశివరావు. 1926ల పుట్టిండు, 1994ల పోయిండు. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు. అద్దె లైబ్రరీల ఆ పుస్తకాల కోసం మేం వరుసల నిలబడ్డం. రాత్రి చదివితిమి, తెల్లారి ఇచ్చి ఇంకోటి తెచ్చుకుంటిమి. ఇయ్యాల ఒక్క కథ అన్న పూర్తిగ యాదికి ఉన్నదా అంటే లేదు. మరిచిపోయేటందుకు రాసిన రాతలవి.

కోడలు: కథ మరిచిపోయినవు, మనుషులను మరువలే. యుగంధర్, రాజు, కాత్యాయని, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు. ఇన్నేండ్లయినా పేర్లు నోట్లనే ఉన్నయి. వరుస చేసే పనే అది. ఇంకోటి, నువ్వు నెత్తిన పెట్టుకునే ఆరుద్ర? 'త్వమేవాహం' రాసిన చేయి, 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' రాసిన చేయి డిటెక్టివ్ నవలలు కూడ రాసింది. ఆయనకు తక్కువ పని అనిపించలే. కానీ నీ మాటల ఒకటి ఒప్పుకుంట. యుగంధర్‌ది మద్రాసు. అది వృత్తిగ చేసే డిటెక్టివ్ కథ. షాడో అనే గూఢచారి అయితే దేశాలు పట్టుకొని తిరిగిండు. తాలూకా ఊర్ల, చౌరస్తాల, నాలుగు భాషలు కలిసిన మన అసొంటి చోట్ల కూసోని ఆలోచించే మనిషి తెలుగుల రాలే. వచ్చినా నిలువలే.

మామ: ఆరుద్ర సంగతి విడువు. పుస్తకం చుట్టూ రహస్యం అంటే నేను మెచ్చుకునేది ఉంబెర్తో ఎకో 1980ల రాసిన 'గులాబీ పేరు'. మఠంల లైబ్రరీ, ఎవరు చదవొద్దని దాచిన అరిస్టాటిల్ గ్రంథం, పేజీలకు పూసిన విషం. అక్కడ పుస్తకం లేకపోతే కథే లేదు. నీ కోజీలల్ల పుస్తకాల దుకాణం ఉట్టి అలంకారం. దుకాణం తీసి మిఠాయి కొట్టు పెడితే కథ ఏం మారది.

కోడలు: కొన్నిట్ల నిజమే. కానీ పుస్తకమే నేరానికి మూలమైన కథ కోసం ఇటలీ దాక ఎందుకు పోవాలె? నువ్వే క్లాసుల చెప్పినవు. 1656ల కాకునూరి అప్పకవి ఏం రాసిండు?

మామ: అప్పకవీయం పీఠిక సంగతి అంటున్నవా?

కోడలు: అదే. భీమకవి రాఘవపాండవీయం రాస్తె, అది బయటికి వస్తే తన భారతం చిన్నబోతదని నన్నయ దాన్ని లేకుంట చేసిండట. కోపంతోటి భీమకవి నన్నయ రాసిన వ్యాకరణం, ఆంధ్రశబ్దచింతామణిని గోదాట్ల కలిపిండట. రెండు పుస్తకాలు పోయినయి. రాజరాజ నరేంద్రుని కొడుకు సారంగధరునికి ఆ వ్యాకరణం చిన్నప్పుడే కంఠతా వచ్చు. కాళ్లు చేతులు నరికించుకొని, సిద్ధుడై బతికి, ఎన్నో ఏండ్లకు మతంగగిరి దగ్గర దాన్ని బాలసరస్వతి అనే పండితునికి అప్పజెప్పిండట. అసూయ ఉన్నది, సాక్ష్యం మాయం చేసుడు ఉన్నది, పగ ఉన్నది, నాశనమైన పుస్తకాన్ని గుండెల దాసుకున్న సాక్షి ఉన్నడు. చచ్చినోడు ఎవ్వడు లేడు, పుస్తకాలే పోయినయి. మన భాషల మొదటి వ్యాకరణం గురించి మనవాళ్లు చెప్పుకున్న కథే పుస్తకం చుట్టూ తిరిగిన నేరకథ మామా!

మామ: కథ బాగుంటది. కానీ చరిత్ర కాదు. నన్నయ అసొంటోడు ఆ పని చేసిండంటే పండితులు ఎవరు నమ్మరు. ఆ వ్యాకరణం నన్నయది కాదు, తర్వాతోళ్లది, ఆయన పేరు పెట్టి ప్రచారంల పెట్టిన్రని గట్టిగ వాదించినోళ్లున్నరు.

కోడలు: చూసినవా, నువ్వే రెండో రహస్యం చెప్పినవు. గోదాట్ల ఎవరేసిన్రు అన్నది ఒకటి. అసలు రాసింది ఎవరు, ఎందుకు వేరేటోళ్ల పేరు పెట్టిన్రు అన్నది ఇంకోటి. పండితులు చేసే పనే డిటెక్టివ్ పని. మానవల్లి రామకృష్ణకవి 1909ల నన్నెచోడుని కుమారసంభవం అచ్చేసినప్పుడు ఏమయింది? నన్నయకు ముందటి కవి దొరికిండని ఆయనన్నడు. కాదు కాదు, తర్వాతోడని పెద్ద పెద్దోళ్లు లేచిన్రు. అసలు ఆ కావ్యం రామకృష్ణకవే రాసి పాతదని చూపెట్టిండన్న అనుమానం కూడ పుట్టింది.

మామ: అది అన్యాయమైన అనుమానం. ఆ భాష, ఆ దేశి మార్గ ముచ్చట, ఆ ఛందస్సు, ఒక మనిషి ఇంట్ల కూసోని పుట్టించేటివి కావు. వ్యాకరణం తెలిసినోనికి పద్యం చూస్తేనే తెలుస్తది.

కోడలు: ఎట్ల తెలుస్తదో చెప్పినవు గద, పద్యం చూస్తే అని. అదే నాకు కావాలె. ఛందస్సు చూసి, మాట వయసు చూసి, నింద తప్పని నిరూపించే నాయిక. ఆ నవలల నెత్తురు చుక్క ఎక్కడ అవసరం?

ఇక్కడ ఒక మాట నేను కలుపుకోవాలి. తెలుగు సాహిత్య చరిత్రను తేదీల పట్టికగా చదివించి పిల్లల్ని దానికి దూరం చేశాం. కవి కాలనిర్ణయం అంటే చాలు, విద్యార్థి ముఖం ముడుచుకుంటుంది. అదే కాలనిర్ణయం ఒక మనిషి పరువుకు సంబంధించిన ప్రశ్నగా వస్తే రాత్రంతా మేలుకుని చదువుతాడు. కోడలి వాదనలో నన్ను గట్టిగా పట్టుకున్నది ఇదే.

మామ: సరే, ఇవన్ని గోదావరి దిక్కు ముచ్చట్లు. జహీరాబాద్‌ల ఏమున్నది? మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ, చెరుకు, అల్లం, ముంబై రోడ్డు. పుస్తకం ఎక్కడిది?

కోడలు: గంట లోపల బీదర్ పోతం. అక్కడి సుల్తాను మంత్రి మహమూద్ గవాన్ మదర్సా యాదికి రాలేదా? 1472ల కట్టిచ్చిండు. మూడు వేల గ్రంథాలుండె అక్కడ. 1696ల మందుగుండు పేలి సగం కట్టడం పోయింది. ఆ మూడు వేల పుస్తకాలు ఏమైనయి? ఎవరి ఇండ్లకు చేరినయి? ఒక్కటన్న ఈ దిక్కు రాలేదా? నా మొదటి నవల ఆ ప్రశ్నతోటే మొదలైతది.

మామ: గవాన్ పేరు ఎత్తితే నేను ఊకోను. ఆ మనిషి ఎట్ల చచ్చిండో తెలుసు గద. శత్రువులు ఆయన ముద్ర కాపలా పెట్టుకున్నోనికి తాగబోసి, ఉట్టి కాగితం మీద ముద్ర కొట్టిచ్చిన్రు. దాని మీద ఒడిశా రాజుకు దొంగ లేఖ రాసిన్రు. 1481ల కొండపల్లి విడిదిల సుల్తాను ముందట పెట్టిన్రు. ముద్ర నాదే, లేఖ నాది కాదు అన్నడు ముసలాయన. వినలే. తల తీసేసిన్రు. రాజ్యం మొత్తం దాంతోటే కూలింది. ఇసొంటి సావును నువ్వు చాయ్ కప్పు పక్కన పెడ్తవా?

కోడలు: పెట్టను. కానీ ఆ లేఖను మాత్రం విడువను. గవాన్ లేఖలు రాసుడుల దిట్ట. తన లేఖలు 'రియాజుల్ ఇన్షా' అని గ్రంథం చేసిండు. లేఖ ఎట్ల రాయాలె అని 'మనాజిరుల్ ఇన్షా' అని ఇంకో పుస్తకమే రాసిండు. ఆయన వాక్యం ఎట్లుంటదో తెలిసినోళ్లు ఆ దర్బారుల ఎంతమంది ఉండిరి? ఆ దొంగ లేఖను ఒక్కసారి ఆయన పుస్తకం పక్కన పెట్టి చదివినా నిజం బయటపడుతుండె. ముద్ర చూసిన్రు, మాట చూడలే. జోసెఫిన్ టే 1951ల ఒక నవల రాసింది. ఆసుపత్రి మంచం మీద పడుకున్న పోలీసాయన పుస్తకాలు చదివి అయిదు వందల ఏండ్ల కిందటి రాజు మీది హత్యానింద సంగతి తేలుస్తడు. గవాన్ కోసం అట్ల వాదించే తెలుగు నవల వస్తే అది ఆయనకు అవమానమా?

మామ: ...అవమానం కాదు. కానీ అది కోజీ కాదు బిడ్డా, చరిత్ర నవల. మన కాలానికి రా. జహీరాబాద్‌ల ఇయ్యాల నేరం అంటే ఏంది? ఒకామె ఒకాయనకు విషం పెట్టుడు కాదు. భూమి. న్యాలకల్, ఝరాసంగం మండలాల నిమ్జ్ అనే పరిశ్రమల జోన్ కోసం పన్నెండు వేల ఎకరాలకు పైగ లెక్క కట్టిన్రు. ఎవరి పేరు పహాణీల ఉన్నది, ఎవరిది లేదు, ఎవరు ఏండ్లకేండ్లు దున్నిన్రు, ఎవరికి పైసలు వచ్చినయి. ఇసొంటి ఊర్ల నీ నాయిక పిల్లిని ఒళ్ల పెట్టుకొని పుస్తకాల దొంగను పట్టుకుంటదంటే చదివే రైతు పుస్తకం పక్కన పెడ్తడు.

కోడలు: అందుకే నా రెండో నవలల పుస్తకం ఒక పాత డైరీ. ఒక పెద్దమనిషి వస్తడు. మా తాత రాసుకున్న సాగు లెక్కల పుస్తకం ఇది, 1350 ఫసలీది, ఈ భూమి మేమే దున్నినం అని చూపిస్తడు. ఫసలీకి 590 కలిపితే 1940 అయితది. ఉర్దూ రాత మంచిగున్నది, కాగితం పాతది, సిరా పాతదే. లైబ్రరీ నడిపే నా నాయికకు ఉర్దూ వచ్చు. తప్పు దొరకదు. ఇగ ఆమె దాన్ని పస్తాపూర్ దిక్కు ఒక ముసలవ్వకు సదివి వినిపిస్తది. ఆ అవ్వకు అక్షరం రాదు. కానీ విత్తనాలు దాసే మనిషి. వేపాకు, బూడిద కలిపి బుట్టల్ల విత్తనం నిలువ చేసే చేతులు ఆమెవి. జొన్న, కంది, కొర్ర, సామ, అనుములు అని నాయిక సదువుతుంటే ఊ కొడ్తది. సోయా అనంగనే ఆపుతది. "మా చిన్నప్పుడు సోయా ఎక్కడిది?" అంటది. అయిపోయింది. మన దేశంల సోయా సాగు ఊపందుకున్నదే 1970ల సంది. 1940ల జహీరాబాద్ చేన్ల సోయా ఉండదు. పుస్తకం దొంగది.

మామ కాసేపు మాట్లాడలేదు.

మామ: ఇది బాగున్నది. సదువు రాని ఆమె పుస్తకం దొంగదని పట్టుకునుడు. ఇక్కడ విత్తనాలు దాసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడోళ్లను చూసినోళ్లకు ఇది వింతగ కూడ అనిపించది. 2008ల మాచనూరుల సంఘం రేడియో పెట్టి, దళిత ఆడోళ్లే తమ పంటల ముచ్చట, పాటల ముచ్చట వినిపిస్తున్నరు. యాదికి పెట్టుకునుడు వాళ్ల పని. కానీ ఆఖరి అధ్యాయంల ఏం చేస్తవు? అందరిని లైబ్రరీ హాల్ల కూసోబెట్టి, దోషి లేసి నిలబడి తప్పు ఒప్పుకుంటడా? మన దగ్గర భూమి కేసు తాత వేస్తే మనుమడు తిరుగుతడు. ఒక్క సాయంత్రంల న్యాయం అయిపోయిందని చెప్పుడు అబద్ధం. కోజీల హాయి అంత ఆ అబద్ధం మీదనే నిలబడ్డది. నా అసలు కోపం అదే.

కోడలు: ఈ మాటకు నా దగ్గర జవాబున్నది. నిజం తెలుసుడు వేరు, న్యాయం జరుగుడు వేరు. మొదటిది ఒక పుస్తకంల అయితది. డైరీ దొంగదని పదిమంది ముందట తేలుతది. పెద్దమనిషి తల వంచడు, వకీలును పెడ్తడు. మూడో నవల వేరే రహస్యం, కానీ ఆ కేసు వెనక నడుస్తనే ఉంటది. నాలుగో దాంట్ల అవ్వ కోర్టుకు పోతది. అయిదో దాంట్ల అవ్వ ఉండదు, ఆమె మనుమరాలు పోతది. వరుస ఎందుకు అన్నవు గద, ఇందుకు. ఒక్క నవల రాస్తే నువ్వన్న అబద్ధం చెప్పాల్సి వస్తది. పది నవలలు రాస్తే మన కోర్టు అంత నిదానంగ రాయొచ్చు.

మామ: అంటే వరుస శవాల కోసం కాదు, కేసు కోసం.

కోడలు: అవును మామా. ఊరు కోసం, కేసు కోసం.

మామ: అయితే విను. నేను పూర్తిగ ఒప్పుకోలే. ఆ విదేశీ నవలల మీద నా మాట మారలే. సావును సరదా చేసే రాత నాకు వద్దు. నీ వరుసల హత్య వస్తే, చచ్చినోని ఇంటికి నీ నాయిక పోవాలె, అక్కడ కూసోవాలె, ఆ ఇంటోళ్లు తర్వాతి పుస్తకాలల్ల కూడ కనపడాలె. కన్నడం మాట్లాడేటోళ్లు, మరాఠీ మాట్లాడేటోళ్లు, దక్కనీ ఉర్దూ మాట్లాడేటోళ్లు తమ మాటలనే మాట్లాడాలె. అందరి నోట్ల ఒక్క తెలుగు పెట్టకు. ఇవి ఒప్పుకుంటే ప్రూఫులు నేను చూస్త.

కోడలు: ఒప్పుకుంట. గవాన్ నవల ఉర్దూ వచ్చిన పెద్దోళ్లకు చూపెట్టకుంట అచ్చుకు ఇయ్యను. అది నా మాట.

ఈ వాదనలో నా ఓటు కోడలికే. మామ పెట్టిన షరతులన్నీ ఉంచాలి. అవి లేకపోతే ఈ వరుస మరో అరువు సరుకు అవుతుంది. ఒకప్పుడు తెలుగు వారపత్రికలు ధారావాహికల మీదే నిలబడ్డాయి. వచ్చే వారం సంచిక కోసం ఊళ్లకు ఊళ్లు ఎదురుచూశాయి. ఇప్పుడు పత్రికలు నడుపుతున్న సంపాదకులకు నా విన్నపం ఒకటే: జిల్లా ఊరి మీద, పుస్తకం చుట్టూ, తొందరపడకుండా సాగే ఇలాంటి అపరాధ పరిశోధన ధారావాహికకు వారానికి రెండు పేజీలు ఇవ్వండి. రాసేవాళ్లు జహీరాబాద్‌లో ఉన్నారు, జోగిపేటలో ఉన్నారు, నారాయణఖేడ్‌లో ఉన్నారు. అడగండి.